ప్రమీలారాణి అడిగిన ప్రశ్న

నూజివీడులో ప్రమీలారాణి దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే ముందు ఆవిడ మాటలు భరించాలి. కొలతలు తీసుకుంటూ మాట్లాడుతుంది, గుడ్డ కత్తిరిస్తూ మాట్లాడుతుంది, మిషను తొక్కుతున్నప్పుడు ఆ చప్పుడుని మించి మాట్లాడుతుంది. యాభై మూడేళ్ళ మనిషి. భర్త హనుమయ్య మామిడికాయలు పైఊళ్ళకి పంపించే అట్టపెట్టెల వ్యాపారం చేస్తాడు. పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ దుకాణంలోనే ఓ మూల చెక్కతో అడ్డు కట్టి, ఈవిడ కుట్టుమిషను పెట్టుకుంది. ఆయన రోజుకి నలభై మాటలు మించి మాట్లాడడు. ఆయన వాటా కూడా ఈవిడే ఖర్చుపెట్టేస్తుంది.

మొన్న ఏప్రిల్లో మహిళా సంఘం లీడరుకి జ్వరమొచ్చి, ఆవిడ బదులు ప్రమీలారాణి ఓ శిక్షణకి వెళ్ళింది. శిక్షణ దేని గురించో కూడా అడగలేదు. మధ్యాహ్నం భోజనం పెడతారనీ, ఓ సంచీ ఇస్తారనీ చెప్పారు, అది చాలనుకుంది. తీరా వెళ్ళి చూస్తే గోడ మీద బ్యానరు: 'ఆత్మహత్యల నివారణలో మన పాత్ర'. వెనక వరసలో ఫ్యాను కింద కుర్చీ చూసుకుని, కాసేపు కునుకు తీద్దామని కూర్చుంది.

కునుకు పట్టలేదు. డాక్టర్ హారిక అనే చిన్న అమ్మాయి మైకు కూడా లేకుండా మాట్లాడుతోంది. "ఎవరి మీదైనా అనుమానం వస్తే సూటిగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని, ఆ మాటతోనే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్ళకైతే చెప్పుకునే వీలు దొరుకుతుంది" అంది.

ప్రమీలారాణి నిటారుగా కూర్చుంది. ఆవిడకి చిన్నాన్న కొడుకు ఒకడుండేవాడు. ఇరవై రెండేళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందు వారం ఆవిడతో కూర్చుని క్యారమ్స్ ఆడాడు. వీడేంటి ఇలా ఉన్నాడని ఆవిడకి అనిపించింది కూడా. అడగలేదు. అడిగితే ఏమనుకుంటాడోనని ఊరుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్ని మాటలు మాట్లాడే మనిషి, ఈ ఒక్కటీ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి ఆవిడ చేతిలో సంచీ, అందులో ఓ చిన్న పుస్తకం, మనసులో ఓ నిర్ణయం. ఇకమీదట అడుగుతుంది.

మొదట హనుమయ్య దొరికాడు. రాత్రి భోజనాల దగ్గర మామిడికాయ పప్పు కలుపుకుంటున్నాడు.

"ఏవండీ, మీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

హనుమయ్య ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. ముద్దని చూశాడు, భార్యని చూశాడు, మళ్ళీ ముద్దని చూశాడు.

"పప్పులో ఏం వేశావు?" అన్నాడు.

మర్నాడు గ్యాసు సిలిండరు తెచ్చినతను దొరికాడు. "రోజుకి ముప్ఫైసార్లు మెట్లెక్కుతానమ్మా, అనిపించదా మరి" అన్నాడతను చెమట తుడుచుకుంటూ. ప్రమీలారాణి అతన్ని కుర్చీలో కూలేసి, మజ్జిగిచ్చి, ముప్పావుగంట కదలనివ్వలేదు. అతను సరదాకి అన్నానని మూడుసార్లు చెప్పాడు. అలా సరదాకి అన్నట్టు అనేవాళ్ళనే జాగ్రత్తగా చూడాలని పుస్తకంలో ఉందని ఆవిడ చూపించింది. ఆ సందులో ఆ రోజు నాలుగిళ్ళలో అన్నం ఆలస్యమైంది.

ఇన్సూరెన్సు ఏజెంటుని అడిగితే, "మీరలా అడగడం బాగోలేదండీ, మా లైన్లో ఆ మాట వింటేనే ఫారాలు మారిపోతాయి" అని బ్యాగు సర్దుకున్నాడు. ముసునూరు నుంచి పెళ్ళి జాకెట్ల కోసం వచ్చిన ఒకావిడని చేతులు పైకెత్తి నిలబెట్టి, చుట్టుకొలత తీస్తూ అడిగింది. ఆవిడ ఊపిరి బిగబట్టేసింది. కొలత రెండంగుళాలు తక్కువొచ్చి జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

పదిహేను రోజులు తిరిగేసరికి సందులో ఆవిడకి 'అనిపిస్తోందా అమ్మగారు' అని పేరు పడింది. జనం దుకాణం ముందు నుంచి వెళ్ళాల్సొస్తే, ఆవిడ నోరు తెరవకముందే, "మాకేం అనిపించట్లేదండీ, బాగున్నాం" అని చెప్పేసి నడక పెంచేవాళ్ళు. ఆవిడకీ కాస్త చిన్నతనమనిపించింది. ఎవరినిబడితే వాళ్ళని నడిరోడ్డు మీద అడిగే ప్రశ్న కాదిదని తెలిసొచ్చింది. పుస్తకాన్ని మడిచి, ఎప్పటినుంచో ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద పెట్టింది. మిషను ఊగడం ఆగింది.

మే నెల రెండో వారంలో, పట్టపగలు, సువర్ణరాజు వచ్చాడు.

నూజివీడు చుట్టుపక్కల సువర్ణరాజు గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆటోకి మైకు కట్టుకుని ప్రచారం చేస్తాడు. చీరల షాపు తెరిచినా, కరెంటు కోత ఉన్నా, గేదె తప్పిపోయినా అతని నోటి నుంచే ఊరికి తెలియాలి. తప్పిపోయిన గేదె గురించి చెప్పేటప్పుడు గేదెలా అరిచి మరీ చెబుతాడు. ఓసారి ఆ అరుపుకి నిజం గేదెలు రెండు ఆటో వెంటపడి జి. కొండూరు రోడ్డు దాకా వచ్చాయి. ఆటోలో పక్కసీట్లో ఎప్పుడూ ఓ తెల్లబాతు కూర్చునుంటుంది. దాని పేరు కలెక్టరు. ఎవరైనా దగ్గరికి వెళ్తే, "మెల్లిగా బాబూ, కలెక్టరుగారు కరుస్తారు" అంటాడు. అతనుంటే అక్కడ నవ్వుంటుంది, అంతే.

ఆ మధ్యాహ్నం బాతుని చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ప్రమీలక్కా, కలెక్టరుగారికి మీ ఇంటికి ట్రాన్స్‌ఫరైంది. ఇకనుంచి మీ దగ్గరే ఉంటారు" అన్నాడు.

"మీ ఇంట్లో ఏమొచ్చింది దానికి?"

"నేనుండనక్కా. మా ఆవిడ ఉదయకి దీన్ని చూస్కోడం కష్టం. మీ మాటలకి ఇది భయపడదు, అందుకని."

నవ్వుతూనే అన్నాడు. బాతుని బల్ల మీద దింపాడు. దాని మెడ మీద చెయ్యి వేసి నిమురుతూ, తీయడం మరిచిపోయాడు. ప్రమీలారాణి ఆ చేతిని చూసింది. చచ్చిపోవాలనుకునేవాళ్ళు ప్రాణంగా చూసుకునేవి పిలిచి ఇచ్చేస్తుంటారు అని ఆ పుస్తకంలో ఎక్కడో చదివింది.

"ఎక్కడికెళ్తున్నావు రాజూ?"

"ఎక్కడికో ఒకచోటికి."

ఇన్నాళ్ళూ అందరినీ గడగడా అడిగేసిన ప్రశ్న ఇప్పుడు అంత తేలిగ్గా నోటికి రాలేదు. లోపల హనుమయ్య అట్టపెట్టెలు లెక్కపెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

"ఊరందర్నీ అడుగుతున్నారని విన్నాను. నా వంతు రాలేదేంటా అనుకుంటున్నాను" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "ఊరి సంగతి కాదు. నిన్ను అడుగుతున్నాను."

సువర్ణరాజు బాతు వైపు చూశాడు.

"అనిపిస్తోందక్కా" అన్నాడు.

ప్రమీలారాణి జన్మలో ఈ ప్రశ్నకి అవునన్న మొదటి మనిషి అతనే. అవునంటే తర్వాత ఏం చెయ్యాలో ఆవిడకి ఒక్క ముక్క గుర్తు రాలేదు. అంతా ఆ పుస్తకంలో ఉంది. పుస్తకం మిషను కాలి కింద ఉంది. వంగి గబుక్కున లాగింది. మిషను పక్కకి ఒరిగి, దాని మీదున్న డబ్బా బోర్లాపడి, గుండీలు, హుక్కులు, పూసలు నాలుగువైపులా దొర్లాయి. బాతు సంబరంగా కిందకి దూకి ఒక ఎర్రగుండీని నోట కరిచింది.

"మింగేస్తుంది, పట్టుకో" అంది ప్రమీలారాణి.

ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. అతను బాతు నోట్లోంచి గుండీ తీశాడు. తర్వాత ఇద్దరూ ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టి కాబోలు, అతను మాట్లాడాడు.

"నాలుగు నెలలైందక్కా. మూడింటికి మెలకువొచ్చేస్తుంది. అన్నం సయించదు. మైకు పట్టుకుంటే గొంతు దానంతటదే మాట్లాడుతుంది, నేను లోపలెక్కడా ఉండను. ఎందుకని అడక్కండి. ఇల్లు బాగుంది, ఉదయ బాగుంది, ఆటో బాగుంది. ఏ కారణం లేదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేక సిగ్గేసింది."

ప్రమీలారాణి దగ్గర సలహాలు గంపెడున్నాయి. ధైర్యంగా ఉండాలి, భార్యని తలుచుకోవాలి, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా. అవన్నీ నోటి చివరిదాకా తోసుకొచ్చాయి. అలాంటివి చెప్పొద్దని ఆ డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. వేరే దారిలేక ఆవిడ నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య బిగించుకుంది. ఆ సందు చరిత్రలో ప్రమీలారాణి ఇరవై నిమిషాలు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే.

అతను చెప్పడం ఆపాక సూదులు తీసింది.

"ఎప్పుడని ఏమైనా అనుకున్నావా?"

"ఇవాళ సాయంత్రం."

ఆవిడ చేతిలో గుండీలు మళ్ళీ కింద పడ్డాయి. "అయితే ఇవాళ సాయంత్రం నువ్వు నాతోనే ఉంటావు. ఒక్కడివే ఎక్కడికీ వెళ్ళవు. అర్థమైందా?" అంది. అతను చిన్నపిల్లాడిలా తలూపాడు.

పుస్తకం వెనక అట్ట మీద 14416 అని నంబరుంది. ఇలాంటప్పుడు సాయం అడగడానికి, డబ్బులు పడని ఫోను. ఆవిడ స్పీకరు పెట్టి చేసింది. అవతల ఒక అమ్మాయి నెమ్మదిగా తెలుగులో పలికింది. సువర్ణరాజుతోనే మాట్లాడతానంది. అతను రెండు మాటలు చెప్పాడో లేదో బాతు పెద్దగా అరిచింది.

"అక్కడ ఆ అరుపేంటండీ?"

"కలెక్టరండీ" అన్నాడతను అలవాటు కొద్దీ.

"కలెక్టరుగారు అక్కడే ఉన్నారా?" అంది ఆ అమ్మాయి, గొంతు సర్దుకుని.

సువర్ణరాజుకి నవ్వొచ్చింది. మైకులో వచ్చే నవ్వు కాదది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. బాగా ఏడ్చాడు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. అరగంట మాట్లాడి, ఇవాళే డాక్టరుకి చూపించాలనీ, ఇంట్లో ఏమేం చేతికందకుండా ఎత్తిపెట్టాలో ఆయన భార్యకి తాను చెబుతాననీ అంది.

ఉదయశ్రీని ప్రమీలారాణి ఫోను చేసి రప్పించింది. ఆవిడ వచ్చి, అంతా విని, మొగుడి పక్కన కూలబడింది. "నాకెందుకు చెప్పలేదు?" అంది. "నువ్వు భయపడతావని" అన్నాడు. "ఇప్పుడు భయపడట్లేదా?" అని అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత ప్రమీలారాణి వైపు తిరిగి, "పదండి వదినా, ఎక్కడికెళ్ళాలో చెప్పండి" అంది.

ఆసుపత్రికి వెళ్ళడానికి సువర్ణరాజు ఆటోనే ఉంది. అతన్ని నడపనివ్వకూడదని ప్రమీలారాణి తీర్మానించింది. అట్టపెట్టెలు వదిలేసి హనుమయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. స్కూటరు నడిపి పదేళ్ళయింది, ఆటో ఎప్పుడూ ముట్టుకోలేదు. వెనకసీట్లో ముగ్గురు, ఒళ్ళో బాతు. ఆటో అంగలేసుకుంటూ బయల్దేరింది. కంగారులో హనుమయ్య ఏ మీట నొక్కాడోగానీ మైకు ఆన్ అయింది.

"బ్రేకేదయ్యా దీనికి? ప్రమీలా, నువ్వు కదలకు, బండి పక్కకి లాగేస్తోంది" అన్న హనుమయ్య గొంతు పెద్ద సెంటరంతా మార్మోగింది. పళ్ళబండ్ల వాళ్ళు బండ్లు వెనక్కి లాక్కున్నారు. ఊళ్ళోవాళ్ళు హనుమయ్య అన్ని మాటలు ఏకబిగిన మాట్లాడగా వినడం అదే మొదలు.

"కుడిచేతి కింద నల్లది బావగారూ. అది నొక్కితే మైకు ఆగుతుంది" అన్నాడు సువర్ణరాజు వెనకనుంచి. హనుమయ్య నొక్కాడు. హారను మోగింది.

ఎక్కడికని అడిగినవాళ్ళందరికీ, "బాతుకి బాలేదు" అని చెప్పింది ఉదయశ్రీ. వారం పాటు ఊరంతా బాతు ఆరోగ్యం కనుక్కుంది. ఒకాయన కొబ్బరిబోండాం తెచ్చిచ్చాడు.

డాక్టరు గంటసేపు కూర్చోబెట్టుకుని విన్నాడు. ఇది జబ్బనీ, దీనికి మందుందనీ, కారణం కనబడకపోయినా వస్తుందనీ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ చెప్పాడు. మందు పనిచేయడానికి వారాలు పడుతుందనీ, మధ్యలో మానేయకూడదనీ, కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దనీ కూడా చెప్పాడు. కారణం లేకపోయినా జబ్బే అన్న మాట సువర్ణరాజు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

వెంటనే ఏమీ బాగుపడలేదు. మొదటి పదిరోజులు మొద్దుబారినట్టు పడుకునేవాడు. జూన్లో ఓ పొద్దున మళ్ళీ లోపల చీకటి కమ్మితే తనే ఫోను చేశాడు. "అక్కా, అనిపిస్తోంది" అన్నాడు. ప్రమీలారాణి చేతిలో జాకెట్టుతో అలాగే పరిగెత్తింది. వెళ్ళి అతని పక్కన కూర్చుని ఆ రోజంతా హుక్కులు కుట్టింది. సాయంత్రం ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళి మందు మార్పించుకొచ్చారు. ఆ తర్వాత రెండుసార్లు అలాగే జరిగింది. తర్వాత అలాంటి ఫోన్ల మధ్య ఎడం పెరిగింది.

జూలై ఆఖర్లో ఆటో రోడ్డెక్కింది, వారానికి మూడు రోజులే. కాయ సీజను అయిపోయి ఊరు ఖాళీగా ఉంది. తన జబ్బు సంగతి సువర్ణరాజే ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్ళలో ఇద్దరు, ఎవరూ చూడకుండా, ఆ డాక్టరు ఎక్కడుంటాడని అడిగి తెలుసుకున్నారు.

ఆగస్టులో అతను నాలుగు గజాల నీలంగుడ్డ తెచ్చి చొక్కా కుట్టమన్నాడు. ప్రమీలారాణి ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు తప్ప ఏదీ కుట్టలేదు. ఆ మాట చెప్పినా వినలేదు. కుట్టింది. మెడ కిందికి దిగింది, చేతులు మోచేతికి పైనే ఆగాయి, నడుము దగ్గర బిగిసింది, గుండీలు వెనకవైపు వచ్చాయి. హనుమయ్య చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, తలుపేసుకుని నవ్వాడు. సువర్ణరాజు ఉదయశ్రీ చేత వెనక గుండీలు పెట్టించుకుని, అదే చొక్కాతో హనుమాన్ జంక్షన్లో చెప్పుల షాపు ప్రచారానికి వెళ్ళాడు.