రెండుసార్లు తుంచిన హెలీనియం

పరాయి దేశంలో, ట్రాయ్ అనే ఊళ్లో మేము అద్దెకున్న ఇంటి వెనక కంచె వారగా మంచమంత నేల ఉండేది. అందులో హెలీనియం వేశాను. చామంతి జాతిదే, ఏటేటా వేరు నుంచి మళ్లీ లేచే మొక్క. అక్కడి నర్సరీలో గులాబీ అడిగితే వరుస చూపిస్తారు, దీన్ని అడిగితే మన మొహం చూస్తారు. రంగులు కలగలిసిన విత్తనాల ప్యాకెట్ తెప్పించి కిటికీలో నారు పోశాను. పసుపో, ఇటుక రంగో పూసేదాకా తెలియదు. తంగేడు దొరకని ఊళ్లో బతుకమ్మకు పసుపు పువ్వు కావాలని నా ఆశ. మొదటి ఏడు ఆకులే.

పక్కింటి అక్కది వరంగల్. కంచె మీదుగా చూసి, "ఏందే, గడ్డి పెంచుతున్నవా?" అని నవ్వేది.

"పూసినంక అడుగుతవు గదా, అప్పుడు చెప్త నీ సంగతి" అనేదాన్ని.

రెండో ఏడు మొక్కలు ఏపుగా లేచాయి. జూన్ మొదట్లో తలలు తుంచాను. మా అమ్మ చామంతులకు అలాగే చేసేది. కొమ్మలేసి పూలు ఎక్కువొస్తాయి, కాకపోతే ఆలస్యంగా. పండగ దాకా టైముంది కదా అని నెలాఖరున మళ్లీ తుంచాను.

ఆ వారమే మా ఆయన ఉద్యోగం పోయింది. వీసా నియమం ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. దొరకలేదు. సామానంతా నేనే అమ్మాను. డైనింగ్ టేబుల్ పోయిన రోజు కూడా నాకేమీ అనిపించలేదు. పన్ను పీకించుకున్నాక దవడ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉండేది. తుంచకపోతే ఆగస్టులోనే పూసేవి. ఆ మాట తలచుకున్నప్పుడు మాత్రం నా చేతులు విరగ్గొట్టాలనిపించేది.

బయలుదేరే రోజు పొద్దున అక్క వచ్చింది. "పూస్తే ఫొటో పంపిస్త" అంది.

"ఫొటో ఎందుకక్కా, పూయంగనే కోసుకపో. కొత్తగ వచ్చేటోళ్లు కలుపనుకొని పీకేస్తరు."

అక్క ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఏం మనిషినో!

"కారొచ్చింది" అని మా ఆయన ఇంటి ముందు నుంచి కేకేశాడు. నేను ఇంటి వెనక మొక్కల దగ్గరికి వెళ్లాను. ప్రతి కొమ్మకూ బఠాణీ గింజలంత మొగ్గలు. కనీసం రంగైనా తెలుస్తుందని ఒకటి తెంపి గోటితో విప్పాను. లోపల కూడా ఆకుపచ్చే. ఇంకోటి విప్పాను. ఇంకోటి. మూడూ అంతే.

నాలుగోదాని మీద చెయ్యి వేసి తీసేశాను. మిగిలినవైనా అక్క బతుకమ్మకు కావాలి.