పేరు చెప్పు

హైదరాబాద్ నాచారంలో సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో మాకు పాఠం చెప్పిన మేడం పేరు చెబితే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె సుద్దముక్క. క్లాసులో ఎవరైనా "వాళ్ళంతా ఇంతే" అన్నారంటే చాలు, రాత ఆపి సుద్దముక్క వాళ్ళ మీదికి గురిపెట్టేది. "ఎవరు? పేరు చెప్పు."

జనరలైజ్ అనే క్రియను కూడా ఆమె అలాగే నేర్పింది. కొందరిని చూసి అందరికీ అంటగట్టడం అని అర్థం చెప్పి, వాక్యం చేయమంది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఉప్పల్‌లో మెకానిక్‌గా పనిచేసే ఒకాయన తెలుగులోనే అనేశాడు.

"ఆంధ్రోళ్లంతా మోసగాళ్లే మేడం."

గుంటూరు నుంచి వచ్చినదాన్ని, తల వంచుకున్నాను. సుద్దముక్క లేచింది. ఆయన తన షెడ్డు ఓనరు పేరు చెప్పాడు.

"మరి గాయన్నే తిట్టు. ఈ పిల్ల నిన్నేం జేసింది?"

కొన్నాళ్ళకు ఊరేగింపులో లాఠీదెబ్బకు మేడం తమ్ముడి తల పగిలింది. ఆమె మళ్ళీ క్లాసుకు వచ్చిన రోజు, ఆ మెకానిక్కే బాధగా అన్నాడు.

"పోలీసోళ్లంతా గంతే మేడం."

సుద్దముక్క లేవలేదు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"కొట్టినోని పేరు నాకు తెల్వదు" అంది. "తమ్ముణ్ణి భుజం మీద ఏసుకోని దవాఖానాకు తెచ్చిన కానిస్టేబుల్ పేరు గూడ తెల్వదు. అడుగుదామని బయటికొచ్చేసరికి పోలీసుల గుంపుల కలిసిపోయిండు. అందరిదీ అదే ఖాకీ."