తుమ్మకాయలు మేపిన తోట

నాకు రాయడం రాదు. నేను కూడబలుక్కుని సంతకం పెట్టేసరికి పక్కవాళ్ళకు ఆవలింతలు వస్తాయి. అందుకే నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. జామచెట్ల మీద వాలే చిలుకలను అదిలించీ అదిలించీ నా గొంతు గరుకెక్కిపోయింది. చదివేవాళ్ళకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

మా ఆయన పోయేనాటికి హుస్నాబాద్ దగ్గర మా ఊళ్ళో మాకు ఒక బావి, దాని కింద చిన్న తోట ఉండేవి. కొన్ని జామచెట్లు, ఒక నిమ్మచెట్టు, మిగతాదంతా కూరగాయలు. నేనేమో పుట్టింట్లో బీడీలు చుట్టినదాన్ని. తునికాకు ఇస్తే కళ్ళు మూసుకుని కత్తిరిస్తాను. మొక్కను చూపించి ఇదేమిటని అడిగితే మాత్రం కాయ కాసేదాకా ఆగమనేదాన్ని.

బావిలోంచి నీళ్ళు తోడాలంటే మోట తోలాలి, మోటకు ఎడ్లు కావాలి. ఎడ్లు మా బావవి, అంటే మా ఆయన అన్నవి. చెడ్డమనిషి కాదు. ఏదైనా మా అత్త ఎదుటే చెప్పేవాడు.

"దసరా దాంక ఎడ్లిస్త. తోట పండిందా, నీదే. పండలేదనుకో, నేను దున్నుకుంట. నీకింత గింజలు కొలుస్త. ఇంట్ల కూసొని బీడీలు చేసుకో."

"గప్పటి సంగతి గప్పుడు సూద్దాం తీ బావా," అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. తోట పోతే ఆ ఇంట్లో తిండికి లోటుండదు, కాని నా మాట ఎవరూ వినరని తెలుసు.

ఆ రోజుల్లోనే పంచాయతీ సమితి ఆఫీసు నుంచి సర్కారు ఎరువు బస్తాలు కొత్తగా వచ్చాయి. తెల్లగా, ఉప్పులా ఉండేది. బావ తన మిరపతోటకు చల్లాడు. బావ చల్లాడు కాబట్టి నేను చల్లనన్నాను. భూమికి పశువుల పెంట తప్ప మరేదీ పెట్టకూడదన్న పెద్ద మాట తరువాత కల్పించుకున్నాను. ఇప్పుడెవరైనా మందు వేయని తోట అని మెచ్చుకుంటే ఆ పెద్ద మాటే చెబుతాను.

ఎండాకాలంలో చేలు ఖాళీ అయ్యాక గొర్రెల మందను ఆపించుకోవడం మా వైపు అలవాటు. మంద రాత్రంతా చేనులో పడుకుంటుంది, తెల్లారేసరికి పెంట మిగులుతుంది. కాపరికి జొన్నలు ఇచ్చి బువ్వ పెట్టాలి. అందరూ చేసేది ఇంతే. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? గొర్రెలు ఎంత తింటే అంత పెంట వేస్తాయి కదా అనుకున్నాను. గట్టు మీద తుమ్మచెట్లకు ఎండుకాయలు వేలాడుతున్నాయి. గొర్రెలకు అవంటే ప్రాణం. కర్రతో రాల్చి గంపల కొద్దీ పోశాను.

"అక్కా, ఇగ సాలు," అన్నాడు కాపరి. "గిన్ని కాయలెందుకు?"

"తిననియ్యి తమ్మీ. సుట్టాలు ఇంటికొస్తె సగం కడుపుకు పెడ్తమా?"

"తిన్నది ఊకెనే పోదక్కా."

"పోవద్దనే గద పెడ్తున్న."

తెల్లారి అతను జొన్నలు మూట కట్టుకుని మందను తోలుకుపోయాడు.

వానలు పడ్డాయి. బెండ, గోరుచిక్కుడు గింజలు వేశాను. కొన్నాళ్ళకు తోటంతా ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టు మొలిచింది. ఊళ్ళో ఎవరి చేనూ అంత ఒత్తుగా మొలవలేదు. ఆ గర్వంతో పోయి బావనూ అత్తనూ స్వయంగా పిలుచుకొచ్చాను.

బావ గట్టు మీద నిలబడి చూశాడు. వంగి ఒక మొలక పీకి అత్త చేతికిచ్చాడు.

"ఏం పెట్టినవే ఈడ?" అంది అత్త.

"గోరుచిక్కుడు."

"గోరుచిక్కుడుకు చింతాకసొంటి ఆకెప్పటిసంది వస్తుందే?"

"పెంట బలం అత్తా."

బావ తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "మంచిగ పండుతది పిల్లా. ఊరందరి కంచెలకు సరిపోను తుమ్మముల్లు. ఇగ దసరా దాంక ఆగుడెందుకు?"

గొర్రెలు కాయల గుజ్జు అరిగించుకుని, గట్టి గింజలను పెంటలో కలిపి నా తోటంతా విత్తిపోయాయి. విత్తడం నాకంటే వాటికే బాగా వచ్చు.

"దసరా అన్నవు బావా," అన్నాను.

"అన్నవు గద బిడ్డా," అంది అత్త కొడుకుతో. "ఆగు మరి."

మర్నాడు ముసురులోనే అత్త గోచి బిగించి నా పక్క సాలులో కూర్చుంది. నేల మెత్తగా ఉండగానే, ముల్లు ముదరకముందే పీకాలి.

"గది బెండనే, పీకకు. మళ్ల బెండనే పీకినవు. నా కొడుకు నిన్నేం సూసి చేసుకున్నడో."

"బీడీలు మంచిగ సుడ్తనని అత్తా."

ముసురు విడిచేదాకా తిట్లు తింటూ పీకాను. అరచేతులు ఉబ్బిపోయి ముద్ద కలపడానికి కూడా రాలేదు. తుమ్మ పోయాక పెంట బలమంతా మిగిలిన మొక్కలకు అందింది. వానలు వెనకబడతాయేమోనని ముందే నారు పోసి ఉంచి, తుమ్మ పీకిన సాళ్ళలో నాటిన వంగ కూడా కాపుకొచ్చింది. అంగట్లో గంప దించడమే ఆలస్యం, ఆడవాళ్ళు చుట్టూ మూగేవాళ్ళు. బావ మిరప కూడా బాగానే కాసింది, కాదనను.

దసరా ముందు బావ తోటకు వచ్చాడు. ఎడ్లను విప్పుకుపోతాడేమోనని వాటి పక్కకు పోయి నిలబడ్డాను. ఆయన ఒక బెండకాయ కొస విరిచి చూశాడు, నమిలాడు. వంగ సాళ్ళ వెంట చివరిదాకా నడిచి వచ్చాడు.

"ఎడ్లు ఈడనే ఉండనియ్యి. దాణ జర ఎక్కువ పెట్టు," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వచ్చే ఎండకాలం గా మందను నా మిరపచెల్కల గూడ ఆపియ్యి."

"ఆపిస్త బావా."

"తుమ్మకాయలు పెట్టకు."

అంటూనే ఒంటికాలి మీద నిలబడి అరికాల్లోంచి ముల్లు పీక్కున్నాడు. మేం పీకుతుంటే ఏదో ఒక తుమ్మమొక్క తప్పించుకుని పెరిగినట్టుంది. నేను నవ్వలేదు. ఎడ్లు ఇంకా ఆయనవే కదా.