నాయినకు నేను ఎంచిన బండి

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. అందువల్ల, తెలిసిన విషయంలోనూ తెలియని విషయంలోనూ చివరి మాట నాదే అవుతూ వచ్చింది. ఎరువు సంచి మీద ఏం రాసి ఉందో చదవడం, బ్యాంకులో మాట్లాడడం, డాక్టరు చెప్పిన మాటను అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం, ఇవన్నీ నా పనులే. నాయినకు కొత్త మోటారు సైకిలు ఎంచిపెట్టే పని కూడా అలాగే నా చేతికి వచ్చింది. నిజానికి రాలేదు, నేనే తీసుకున్నాను.

నాయిన రోజూ పొద్దున్నే మెంతికూర, కొత్తిమీర కట్టలు బండి వెనక కట్టుకొని భాల్కి మార్కెట్టుకు తీసుకుపోతాడు. పాత బండి ఇక బాగుచేయించినా నిలవని స్థితికి వచ్చింది. అదే కంపెనీది మళ్ళీ తీసుకుంటానని ఆయన అన్నాడు.

"అలవాటైందని కొనుడు కాదు నాయినా. నాలుగు చూసి, పోల్చి కొనాలె" అన్నాను.

"సరే బిడ్డా, నీకు తెల్వనిదా" అన్నాడాయన.

పోల్చే పనిని నేను పరీక్షకు చదివినంత శ్రద్ధగా చేశాను. బీదర్ పక్కన కొల్హార్‌లో ఉంటూ నేను లెక్కలు చూసే కార్ఖానాకు మోటారు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు చాలామంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కొక్కరినే అడిగాను. లీటరుకు నిజంగా ఎంత దూరం పోతుంది, సర్వీసు ఎన్నాళ్ళకొకసారి, చైను ఎన్నాళ్ళు నిలుస్తుంది, క్లచ్ ప్లేట్లు భాల్కిలో దొరుకుతాయా లేక బీదర్ దాకా రావాలా, కొన్నేళ్ళు వాడి అమ్మితే ఎంత వస్తుంది. మూడు కంపెనీల బండ్లను పక్కపక్కన పెట్టి చూశాను. నాయిన అడిగిన కంపెనీదీ మంచి బండే. కానీ దీర్ఘకాలం వాడకంలో ఖర్చు తక్కువగా తేలింది మరొకటి. దాన్నే ఎంచాను. ఆ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ చెప్పగలను. అయితే నేను నడిపేది గేర్లు లేని స్కూటరు. గేరు వేసే కాలు గురించి ఎవరినీ ఏమీ అడగాలని నాకు తోచలేదు.

బండి వచ్చిన కొత్తలో నాయిన సంతోషం చూడవలసింది. మార్కెట్టులో ప్రతి ఒక్కరికీ "మా బిడ్డ మూడు కంపెనీలు జల్లెడ పట్టి తీసింది" అని చెప్పుకున్నాడట.

కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం ఇంటికి వెళ్ళేసరికి బండి మీద పాత చీర కప్పి ఉంది. మోకాలి నొప్పి వల్ల నాయిన బస్సులో పోయి వస్తున్నాడని అమ్మ చెప్పింది. కట్టలు సగమే తీసుకుపోతున్నాడట. డాక్టరుకు చూపిద్దామన్నాను. "అంత లేదు" అన్నాడాయన. భాల్కిలో నాకు చిన్న పని ఉంది, అంత లేకపోతే బండి మీద తీసుకుపొమ్మన్నాను. కాదనలేకపోయాడు.

ఊరు దాటగానే ఇంజను గొంతు చించుకున్నట్టు అరవసాగింది, బండి మాత్రం సాగలేదు. కొంత దూరం పోయాక ఒక్కసారిగా కుదుపు వచ్చి నా తల ఆయన వీపుకు కొట్టుకుంది. వెనక వస్తున్న ట్రాక్టరువాడు హారను మోగించి ఏదో తిట్టి పోయాడు. నాయిన బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"ఏమైంది నాయినా? బండి ఖరాబైందా?"

"బండి బంగారం బిడ్డా. నా కాలే మొద్దుది."

అప్పుడు చెప్పాడు. పాత బండికి గేరు పెంచాలంటే ప్రతిసారీ కాలితో కిందికే నొక్కాలి. ఈ బండికి మొదటి గేరు ఒక్కటే కిందికి, తక్కినవన్నీ పైకి ఎత్తాలి. ఇన్నేళ్ళు కిందికే నొక్కిన కాలు, ఆయన ఆలోచించే లోపే కిందికి నొక్కుతుంది. వేగం పెరగవలసిన చోట గేరు తగ్గి బండి ఎగిరిపడుతుంది. ఒకసారి మార్కెట్టు ముందు అలాగే కట్టలన్నీ రోడ్డు మీద పడ్డాయట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? నువ్వు చదివినదానివి. నీ లెక్క తప్పెట్లయితది?"

మోకాలిలో నొప్పి లేదని కూడా అప్పుడే తెలిసింది. నా ఎంపికకు మాట రాకుండా ఆయన ఊరందరి ముందు కుంటుతున్నాడు.

భాల్కి పోకుండానే తిరిగి వచ్చాము. ఇంటి ముందు అరుగు మీద మా మామ కూర్చొని ఉన్నాడు. ఆయన అమ్మకు తమ్ముడు, రెండిళ్ళ అవతల ఉంటాడు. పక్కింటివాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"వచ్చినవా కోడలా! నీ కోసమే కూసున్న. నేను గూడ బండి మారుస్తున్న. బావకు తీసినదే తీసుకుంట. రేపే పైసలు కడుత. ఏమంటవు?"

మామ నడిపేదీ నాయిన పాత బండి లాంటిదే. ఔనంటే ఆయనా అలాగే రోడ్డు మీద ఎగిరిపడతాడు. నాయిన నా వైపు చూడకుండా చెప్పులు విడుస్తున్నాడు.

"వద్దు మామా" అన్నాను. "నేను గేర్ల బండి ఎన్నడూ నడపలేదు. దీని గేర్లు ఉల్టా ఉన్నయి. నాయినకు కాలు కుదుర్తలేదు, అందుకే బస్సుల పోతున్నడు. తప్పు నాది."

అంత మందిలో తప్పు ఒప్పుకొన్నందుకు లోలోపల కాస్త తేలికగా కూడా అనిపించింది. ఆ తేలిక ఒక్క క్షణమే ఉంది.

"అరె బావా!" మామ తొడ చరిచాడు. "మోకాలు నొప్పి అంటివి గద! పాపమని సీసెడు నూనె తెచ్చి ఇస్తి. ఆ నూనె ఏం జేసినవు, బండిల పోసినవా?"

అందరూ నవ్వారు. "మరి కుంటుడు యాడ నేర్చుకున్నవు బావా? మస్తు కుంటినవు పో!" అని మామ మళ్ళీ అందుకున్నాడు. నాయిన కూడా నవ్వాడు. నవ్వుతూనే కాళ్ళు కడుక్కోవాలని పెరట్లోకి పోయి, వాళ్ళందరూ లేచి వెళ్ళేదాకా తిరిగి రాలేదు.

అమ్మ రొట్టెలు చేస్తూ, నా వైపు తిరగకుండానే అంది: "మామను జర పక్కకు పిలిచి చెప్తే ఏం పోయేడిది?"

ఏమీ పోయేది కాదు. ఆ మాట నాకు తట్టలేదు. నిజం చెప్పడం గురించే ఆలోచించాను తప్ప, అది ఎవరి ముందు చెబుతున్నానో ఆలోచించలేదు.

మరునాడు పొద్దున నాయిన కట్టలన్నీ బండి వెనక కట్టాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఇది అమ్మేసి నీ కంపెనీదే తీసుకుందాం నాయినా. అందాక బస్సుల పో."

"ఇగ బస్సెక్కుడా? మీ మామ ఊరంత డప్పు కొడ్తడు. పక్కకు జరుగు బిడ్డా."

జరిగాను. బస్సెక్కడానికి ఆయనకు ఆ మోకాలి సాకు ఒక్కటే ఉండేది, దాన్ని నేనే తీసేశాను.

మామ తన పాత కంపెనీ బండే కొన్నాడు. నాయిన మాత్రం నేను ఎంచినదాని మీదనే మార్కెట్టుకు పోతున్నాడు. అమ్మేద్దామని ఎన్నిసార్లు అన్నా వినడు. ఫోనులో అడిగితే "కాలు అలవాటైతాంది" అంటాడు. అది నిజమో, మోకాలి నొప్పి లాంటిదో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఆయన వెనక కూర్చోవాలి. పోయిన ఆదివారం నేను తిరిగి వచ్చేటప్పుడు భాల్కి దాకా బండి మీద దింపుతానన్నాడు. ఆటోలో పోతానని చెప్పి వచ్చేశాను.