స్వరూపక్క నా జుట్టు కాల్చలేదు

నిన్న పొద్దున మా పాపకు జడ వేస్తుంటే ఫోన్ వచ్చింది. స్వరూపక్క చెల్లెలు కవిత.

"అక్కా, మా అక్క పోయింది. గుండెల నొస్తాందన్నది. నల్లగొండ దవాఖానకు తీస్కపోతాంటే తొవ్వలనే పాణం పోయింది."

దువ్వెన అక్కడే వదిలేసి కవితతో మాట్లాడుతూ ఉండిపోయాను. పాప ఒక జడతోనే స్కూల్ ఆటో ఎక్కింది.

స్వరూపక్కకు నలభై ఆరేళ్లు. పోయే వయసా అది?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. స్వరూపక్క నకిరేకల్‌లో బ్యూటీషియన్. బస్టాండ్ వెనక చిన్న గదిలో పార్లర్.

తడి జుట్టుకు స్ట్రెయిట్‌నర్ పెట్టమంటే కాళ్లు పట్టుకున్నా పెట్టేది కాదు. జుట్టు పూర్తిగా ఆరాలి. వేడి తగలకుండా సీరం రాయాలి. సన్నని పాయలు తీసి, ఒక పాయ మీద ఒక్కసారే మిషన్ లాగాలి.

వేడి ఎంతుందో చూడటానికి ముందు తన ఎడమ చెవి వెనక జుట్టుకు పెట్టుకునేది. అక్కడ ఆమె వెంట్రుకలు ఎప్పుడూ పొట్టిగా, ఎర్రగా ఉండేవి. అదేంటక్కా అంటే నవ్వేది.

"నాది కాలితే నేను ఊకుంట. మీది కాలితే మీరు ఊకుంటరా?"

అలాంటి మనిషి మీద ఏడేళ్లుగా ఒక నింద ఉంది. పెళ్లికూతురి జుట్టు కాల్చిందని.

ఆ పెళ్లికూతుర్ని నేనే.

కాల్చింది ఆమె కాదు. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, సుజాత. అవును, పేరు రాస్తున్నా. ట్యాగ్ కూడా చేశా.

ఆ రోజు ఫంక్షన్ హాల్ గదిలో స్వరూపక్క నా తల ఆరబెట్టి, సీరం రాసి, పాయలు తీసి పెట్టింది. పక్క గదిలో మా చెల్లికి చీర కట్టడానికి వెళ్తూ, "ఎవ్వలొచ్చినా తలకు నూనె పెట్టనియ్యకు" అని మరీ చెప్పింది.

ఆమె అటు వెళ్లగానే సుజాత వదిన నూనె గిన్నెతో వచ్చింది.

"నూనె పెట్టకుంట పీటల మీద కూసుంటదా? మా ఇంట్ల గట్ల నడువది."

శుభం కోసం నడినెత్తిన ఒక చుక్క పెడితే ఎవరూ కాదనరు. ఆమె దోసెడు పోసింది. కొసల దాకా రాసింది. జుట్టంతా అతుక్కుపోయింది. ఇంతలో ఫోటోగ్రాఫర్ వస్తున్నాడన్నారు. వదిన గాబరా పడి, మిషన్ చేతికి తీసుకుని, వేడి మొత్తం పెంచి, ఆ నూనె జుట్టు మీదే లాగింది.

పోపు వేసినట్టు చిటపటలాడింది. పొగ. కుడివైపు జానెడు జుట్టు మిషన్‌తో పాటే ఊడి వచ్చింది.

స్వరూపక్క పరుగున వచ్చేసరికి వదిన మిషన్ ఆమె చేతిలో పెట్టి అరిచింది. "గిదేం పనే? పిల్ల జుట్టంత కాల్చి పెట్టినవ్!"

దొంగే దొంగ దొంగ అని అరవడమంటే అదే.

స్వరూపక్క నా వైపు చూసింది.

నేను తల దించుకున్నా. మగపెళ్లివాళ్లు. ఇంకా తాళి పడలేదు. భయపడ్డా.

ఆమె మిషన్ స్విచ్ తీసేసింది. మిగిలిన జుట్టుకు సవరం కలిపి, కాలినచోట పూలు కుట్టి, ముహూర్తానికి నన్ను పీటల మీద కూర్చోబెట్టింది.

వారంలో నకిరేకల్ అంతా పాకింది. ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ క్యాన్సిల్. పార్లర్ మూసేసి మోత్కూర్‌లో ఒక మూల గదిలో ఐబ్రోస్ చేసుకుంటూ కూర్చుంది.

నేను ఆ గదికి వెళ్లా. కాలిన కొసలు ఆమె కత్తిరించింది. ఆరు నెలలు ఆ జుట్టు దగ్గరికి ఏ మిషన్ రానివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. అందరికీ నిజం చెప్పేస్తానక్కా అన్నా.

"ఊకో బిడ్డా. కొత్త కాపురం. నీ సంసారం చూస్కో."

ఆ మాటకు నాకు లోపల హాయిగా అనిపించింది. ఇదీ రాయాలి కదా.

నిలకడ మీద నిజం తెలుస్తుందంటారు. నేను నోరు విప్పి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఇకముందూ ఇలాగే ఉండేదాన్నేమో. కానీ నిన్న సాయంత్రం సుజాత వదిన స్వరూపక్క ఫోటో పెట్టింది. దండం, దీపం, "మా ఫ్యామిలీ బ్యూటీషియన్, మంచి మనిషి" అని. కింద ఎవరో అడిగారు, పెళ్లిలో జుట్టు కాల్చిన ఆమేనా అని.

వదిన జవాబు ఇదీ: "పోయినోళ్ల తప్పులు ఇప్పుడెందుకు. నేను ఎప్పుడో మాఫ్ చేసిన."

మాఫ్ చేసిందట!

అందుకే మా పెళ్లినాటి ఈ ఫోటో పెడుతున్నా. పొగ లేచినప్పుడు తలుపు దగ్గర నుంచే ఫోటోగ్రాఫర్ తీశాడు. చూడండి. మిషన్ ఎవరి చేతిలో ఉందో, నూనె గిన్నె ఎవరి పక్కన ఉందో, పొగ ఎక్కడి నుంచి వస్తోందో. అత్తగారింట్లో ఎవరూ చూడకముందే దీన్ని ఆల్బమ్‌లోంచి తీసి బీరువాలో దాచిన పిరికిదాన్ని నేనే.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. నకిరేకల్ లేడీస్ గ్రూపులో పెట్టా. వచ్చే నెల పెళ్లి చేసుకోబోతున్న వదిన కూతురికి విడిగా పంపించా. ఆ పిల్ల చూసింది.

మా ఆయన పక్కనే నిలబడి "డిలీట్ చెయ్యి, మా అక్క ఇజ్జత్ పోతది" అంటున్నాడు. స్వరూపక్క ఇజ్జత్ పోయినప్పుడు ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

డిలీట్ చేయను. వదినా, నీకు మాఫీ కావాలంటే కవిత ఇంటికి వెళ్లి అందరి ముందు అడుగు. నేను కూడా వచ్చి నీ పక్కనే నిలబడతా, నాకూ కావాలి కాబట్టి.

స్వరూపక్కా, నువ్వు వినగలిగినప్పుడు చెప్పలేకపోయాను.

ఇక హాయిగా నిద్రపో. ఇక్కడ వదినకు నిద్ర పట్టకుండా నేను చూసుకుంటా.