పిన్ని రాసిచ్చిన ప్రశ్న

మొన్న మా జగ్గయ్యపేట కాలేజీలో నా దగ్గర సివిక్స్ చదువుకున్న అమ్మాయి ఇంటికొచ్చింది. పాడ్‌కాస్ట్ మొదలుపెడుతోందట. లాయర్లనీ, నాయకులనీ, నాటకాలవాళ్ళనీ కూర్చోబెట్టి రాజకీయాలూ చట్టాలూ సంస్కృతీ అన్నీ మాట్లాడిస్తుందట. "మీకు అలవాటేగా సార్, పెద్దవాళ్ళతో ఏం జాగ్రత్తగా ఉండాలో చెప్పండి" అంది. నేను ఆలోచించకుండానే, "కెమెరా ముందు కూర్చోబెట్టేలోపు మాత్రం అన్నం పెట్టకమ్మా" అన్నాను. తిన్నాక నిద్రొస్తుందని చెబుతున్నాననుకుని పగలబడి నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

మా బాబాయికి నందిగామలో బట్టల కొట్టు. చీరల కట్టల మధ్య మాట్లాడితే గొంతు గింగురుమనదని ఎవరో చెప్పగా, కొన్నేళ్ళ కిందట కొట్టు పైన సరుకు గదినే స్టూడియో చేసి యూట్యూబ్ చానెల్ పెట్టాడు. ఆదివారం నేను బస్సెక్కి వెళ్ళి ప్రశ్నలు అడగాలి, బాబాయి కెమెరా పట్టుకోవాలి. ఆయన బెంగంతా అతిథి వెనక ఏ రంగు చీరలుండాలన్నదే. పసుపు పెడితే ఒక పార్టీవాళ్ళకి కోపం, నీలం పెడితే ఇంకొకరికి. గులాబీ పెడితే పక్క రాష్ట్రం ఇక్కడికెందుకొచ్చిందంటారు. చివరికి ఎవరొచ్చినా వంకాయ రంగేనని తేల్చేశాడు. ఇంకో నియమం కూడా ఉండేది. వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా ముందు కొట్టు వెనకున్న ఇంట్లో భోంచేయాలి, మాటలు ఆ తర్వాతే. చీర కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళకే మజ్జిగిచ్చి పంపే మనిషాయన.

పిన్ని, అంటే బాబాయి భార్య, కీసర దగ్గర హైవే పక్కన ఒక కాలనీలో చిన్న బడికి టీచరు. పద్దెనిమిది మంది పిల్లలు. ఆ బడి ఎత్తేసి పిల్లల్ని రోడ్డవతల పెద్ద బడిలో కలపాలని కాగితం వచ్చింది. తల్లిదండ్రులు తెల్లారేసరికి కూలికెళ్ళిపోతారు. లారీలు ఆగని ఆ రోడ్డు ఆరేళ్ళ పిల్లల్ని ఎవరు దాటించాలి? నెలరోజులుగా పిన్నికి ఇదే దిగులు. సరిగ్గా అప్పుడే, ఇలాంటి అభ్యంతరాలు వినే ప్రభుత్వ కమిటీలో ఉన్న ఒక పేరున్న లాయరుగారు పెళ్ళికని నందిగామ వచ్చారు. మా చానెల్లో మాట్లాడతానన్నారు. పిన్ని చీటీ మీద ప్రశ్న రాసి నా జేబులో పెట్టింది. మా బడిని రోడ్డు ఇవతలే ఉంచడానికి చట్టంలో ఏదైనా దారి ఉందా అని. "ఇదొక్కటీ అడుగు నాన్నా, మిగతావి నీ ఇష్టం" అంది.

ఆ పూట పిన్ని పులిహోర, బూరెలు, ముక్కల పులుసు, మామిడికాయ పప్పు చేసింది. లాయరుగారు చొక్కా చేతులు పైకి మడిచి, ఇష్టంగా తిన్నారు. పెరుగు వడ్డిస్తుండగా తృప్తిగా అన్నారు: "ఎక్కడ కూర్చున్నా పెరుగన్నం దాకా రానివ్వరండీ, ఏదో ఒక అర్జీ చేతిలో పెట్టేస్తారు. ఇన్నాళ్ళకి ఒక ఇంట్లో మనశ్శాంతిగా తిన్నానమ్మా." పిన్ని ఇంకో గరిటె పెరుగు వేసింది.

మెట్లెక్కుతుంటే బాబాయి నా మోచెయ్యి పట్టుకుని, "వద్దురా అబ్బాయ్. అన్నం పెట్టింది ఇందుకా అనుకుంటారు" అని గుసగుసలాడాడు. అప్పటికీ అడుగుదామనే కూర్చున్నాను. రాజ్యాంగం గురించి అడిగాను, పార్టీ ఫిరాయింపుల గురించి అడిగాను, నాటకాలు చూసే జనం ఏమయ్యారని అడిగాను. ఆయన ఎంతో చక్కగా మాట్లాడారు. చివరికి జేబులో చెయ్యిపెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ పిన్ని వంక చూశాను. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తల మాత్రం అడ్డంగా ఊపింది. చీటీని జేబులోనే వదిలేశాను. కాసేపటికి ఆవిడే బూరెల డబ్బా తీసుకెళ్ళి ఆయన కారులో పెట్టింది.

జూన్‌లో బడికి తాళం పడింది. పిన్నికి రెడ్డిగూడెం వైపు బదిలీ అయింది. అభ్యంతరాలు వినే గడువు ఆయన మా ఇంట్లో భోంచేసిన వారానికే ముగిసిందని, ఆ లోపు ఆయన ఒక్క మాట రాసుంటే ఆగేదని తర్వాతెప్పుడో ఒక ఆఫీసరు చెప్పాడు. కొందరు పిల్లలు రోడ్డు దాటడం నేర్చుకున్నారు. ఏడుగురు మానేశారు. అందులో ఒక పిల్లని పిన్ని ఈమధ్య బస్సులోంచి చూసిందట, పత్తి తీతకి వెళ్తోందట. "అడగొద్దన్నది నేనే కదా, నువ్వెందుకు బాధపడతావు" అంటుంది. నాకు మాత్రం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పౌరుల హక్కుల గురించి పిల్లలకి పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు గంటసేపు నేను అడిగినవన్నీ ఇవాళ అడిగినా ఆయన ఆ జవాబులే చెప్పగలరు. పిన్ని ప్రశ్న ఒక్కటే ఆ రోజే అడగాల్సింది.