కుడి పక్క

ఆ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు తలలు గొరిగే ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. ముప్పై రెండేళ్ల ఉద్యోగం. మెదడు వైద్యం ఎలా మారిందో పుస్తకాల్లో చదివినవాళ్లు చాలామందే ఉంటారు. తన కత్తికి పని ఎంత మేర పెరిగిందో చూసి చెప్పగలిగేది మాత్రం ఆయనొక్కడే.

ఆయన చేరిన కొత్తలో పక్షవాతం వచ్చినవాళ్లకు తల గొరిగే పనే లేదు. రక్తం అందక మెదడులో పెద్ద భాగం చచ్చిపోయి, వాచిపోయి, పుర్రెలో చోటు చాలక మూడో రోజుకో నాలుగో రోజుకో ప్రాణం పోయేది. "దెబ్బ తగిలితే తల తెరుస్తాం గానీ, దీనికి తెరిచి ఏం లాభం?" అనేవాడు పాత పెద్ద డాక్టరు. ఆయన తర్వాత వచ్చినాయన తెరిచాడు. మొదట్లో అరచేయంత ఎముక తీస్తే, ఉబ్బిన మెదడు ఆ అంచులకే ఒరుసుకుని నలిగేది. దాంతో ముక్క పెరిగి పెరిగి దాదాపు సగం తలంత అయింది. తీసిన ఎముకను మళ్లీ పెట్టేదాకా పొట్ట చర్మం కింద దాచే రోజుల్లో బాబాయ్‌కి పొట్టలు గొరిగే పని కూడా తగులుకుంది. "తలలకని పెట్టుకుని నన్ను పొట్టల దగ్గరికి దింపారు" అని నవ్వించేవాడు. తర్వాత ఎముకలు ఫ్రీజర్లోకి వెళ్లాయి, ఆ బెడద తప్పింది.

ఇంట్లో భార్య మాత్రం ఆయన్ని తన జుట్టు జోలికి రానిచ్చేది కాదు. "నీ చెయ్యి పడిందంటే ఆపరేషనే. నాకొద్దయ్యా బాబూ!" అనేది.

ఒక సోమవారం పొద్దున గిన్నెలు కడుగుతూ ఆవిడ పడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కదల్లేదు. మర్నాటికి మగత కమ్మి, పిలిస్తే పలకడం మానేసింది.

"నీకు నేను చెప్పేదేముంది బాబాయ్" అన్నాడు కుర్ర డాక్టరు. "రెండు రోజుల్లోపు తెరిస్తే ప్రాణం దక్కొచ్చు. వేరే వేరే దేశాల్లో పరీక్షించి మరీ తేల్చారు. చెయ్యీ కాలూ తిరిగొస్తాయని మాత్రం మాటివ్వలేను."

"తెలుసు బాబూ" అని సంతకం పెట్టాడు. ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు.

గొరగడానికి ఇంకొకర్ని పిలుస్తామంటే వినలేదు. పొద్దున్నుంచి పట్టుకుని కూర్చున్న ఆ పడిపోయిన చేతిని వదిలి, జడ కత్తిరించి, తల తడిపి కత్తి ఆనించాడు. కాసేపటికి నర్సు మెల్లగా అంది: "బాబాయ్, ఎడమ పక్క తీస్తున్నావు."

ఎడమ చెయ్యి పడిపోతే జబ్బు మెదడులో కుడి పక్క. కొత్త నర్సులకు ఆ సంగతి చెప్పిందే ఆయన. ఇన్నేళ్లలో ఒక్కసారీ పొరపడలేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, ఏమీ అనిపించలేదు. "రెండో పక్క కూడా తీసేస్తాను" అని తీశాడు. డాక్టరు కుడి పక్కన సిరాతో గీత గీసి, ఆవిణ్ణి లోపలికి తీసుకుపోయాడు.

ఆవిడ బతికింది. మాట నిలిచింది, ఎడమ చెయ్యి రాలేదు. వాపు తగ్గాక కుడి పక్క తల గుంటపడింది. స్నానం చేయించేటప్పుడు ఆ మెత్తటి చోట చెయ్యి పడకుండా చూసుకునేవాడు. డ్యూటీకి వెళ్లేవాడు, వచ్చేవాడు. ఎవరైనా ఎలా ఉన్నావంటే "అలాగే" అనేవాడు. గుండు మొత్తం ఎందుకు చేశావని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడు నెలలకు ఎముక మళ్లీ పెట్టే రోజు వచ్చింది. అప్పటికి కాస్త జుట్టు పెరిగింది. ఆవిడ మంచం మీద కూర్చుంది. ఆయన కత్తి తీశాడు గానీ ఆనించలేకపోయాడు.

ఆవిడ కుడి చెయ్యెత్తి, ఆయన ఖాళీ చేతిని పట్టుకుని తన కుడి చెవి పైకి తెచ్చుకుంది.

"ఈ పక్కయ్యా. నాకు తెలివి రాగానే నర్సమ్మ చెప్పింది. 'పొద్దున్నుంచీ నీ ఎడమ చెయ్యే పట్టుకు కూచున్నాడమ్మా, గొరిగేప్పుడూ దాని వెంటే ఎడమ పక్కకి వెళ్లిపోయాడు' అంది."

అప్పుడొచ్చింది ఆయనకు ఏడుపు. మంచం పట్టీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. 

"ఇక కానియ్" అంది. "డాక్టరొస్తాడు."